గ్రంథాలయంలో గురువులు



2025 జనవరి 1 నుంచి మన దేశంలో ఒక పెద్ద పథకం అమలవుతోంది. దాని పేరు ‘ఒకే దేశం, ఒకే చందా’. పేరున్న 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలు వెలువరించే దాదాపు 13 వేల పరిశోధన పత్రికలను, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాల కింద నడిచే ఉన్నత విద్యాసంస్థల్లోని వాళ్లు ఉచితంగా చదువుకోవచ్చు. చందా కట్టేది కేంద్ర ప్రభుత్వం. మూడేళ్లకు 6 వేల కోట్ల రూపాయలు కేటాయించారు. దాదాపు 6,300 సంస్థలకు ఇది వర్తిస్తుంది. అంటే రాయలసీమలోని మన సదుం నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయి ద్రావిడ విశ్వవిద్యాలయంలో చదివే పిల్లకూ, ఢిల్లీలో చదివే పిల్లకూ అవే పత్రికలు అందాలి.

అందాలి అంటున్నాను. చందా కట్టినంత మాత్రాన చదువు అబ్బదు. 13 వేల పత్రికల్లో తనకు పనికొచ్చే వ్యాసం ఎక్కడుందో వెతకాలి. దొరికినదాన్ని నమ్మవచ్చో లేదో తేల్చుకోవాలి. అందులోంచి తీసుకున్న మాటను ఎవరిదో చెప్పి వాడుకోవాలి. ఇవన్నీ ఒకరు దగ్గరుండి నేర్పాల్సిన విద్యలు. తరగతిలో అధ్యాపకుడు సిలబస్ పూర్తి చేసేసరికే సెమిస్టరు అయిపోతుంది. మరి ఈ విద్య నేర్పేది ఎవరు? చాలాచోట్ల నేర్పుతున్నది గ్రంథాలయంలో పనిచేసేవాళ్లు. లైబ్రేరియన్, అసిస్టెంట్ లైబ్రేరియన్, రెఫరెన్స్ సెక్షన్‌లో కూర్చునే లైబ్రరీ అసిస్టెంటు, ఒక్కోచోట ముప్పై ఏళ్లుగా ఆ ర్యాకుల మధ్యే తిరిగిన అటెండరు. వాళ్లు చేసేది బోధన. దాన్ని బోధనగానే లెక్కలోకి తీసుకోవాలి, బాగా నేర్పేవాళ్లను పేరు పెట్టి గౌరవించాలి. ఈ రోజు నేను మీతో చెప్పదలచుకున్నది ఇదే.

మన వైపు పిల్లల సంగతి ముందు చెప్పుకుందాం. సదుం, సోమల, చౌడేపల్లె, పుంగనూరు పల్లెల నుంచి యూనివర్సిటీ దాకా పోయే పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఆ గడప తొక్కిన మొదటి మనిషి వాళ్లే. ఇంటర్ దాకా గైడు, డిగ్రీలో నోట్సు. బడిలో లైబ్రరీ పీరియడ్ టైంటేబుల్లో ఉంటే ఉంటుంది, బీరువా తాళం మాత్రం ఎవరి దగ్గరుందో తెలియదు. మదనపల్లెలో అనీ బిసెంట్ 1915లో పెట్టిన కళాశాల ఉంది, పేరున్న కళాశాల. 1919లో రవీంద్రనాథ్ టాగోర్ వచ్చి, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. అలాంటి ఊరికి దగ్గర్లో పుట్టిన పిల్లలు కూడా పీజీలో చేరేదాకా కేటలాగ్ చూడడం ఎలాగో తెలియకుండానే వస్తున్నారు. ఇక యూనివర్సిటీలో చేరాక కొందరికి గ్రంథాలయంతో మిగిలే సంబంధం ఒక్కటే, కోర్సు చివర హాల్ టికెట్ కోసమో టీసీ కోసమో వేయించుకునే ‘నో డ్యూస్’ ముద్ర. ఇంత దూరం వచ్చిన పిల్లను లోపలికి పిలిచి, కుర్చీ చూపించి, ‘ఏం వెతుకుతున్నావమ్మా?’ అని అడిగే మనిషి దొరికితే ఆ పిల్ల చదువు మారిపోతుంది.

ఎలా మారుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఒక అమ్మాయి పుంగనూరు ప్రాంతపు పాత సంగతుల మీద డిసర్టేషన్ రాస్తోందనుకుందాం. కంప్యూటర్లో ‘చిత్తూరు జిల్లా, పుంగనూరు’ అని కొడుతుంది. ఈమధ్య వచ్చినవి నాలుగు దొరుకుతాయి. పాతవి ఏమీ లేవనుకుని లేచిపోబోతుంది. అనుభవమున్న లైబ్రరీ అసిస్టెంటు అక్కడ ఆపుతాడు. ‘చిత్తూరు జిల్లా ఎప్పుడు ఏర్పడిందమ్మా?’ అని అడుగుతాడు. 1911లో. అంతకు ముందు పుంగనూరు జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లాలో ఉండేవి. కాబట్టి 1911కు ముందు రాసిన పుస్తకంలో, రికార్డులో, జనాభా లెక్కల్లో ‘చిత్తూరు జిల్లా’ అని వెతికితే దొరకదు. ఉత్తర ఆర్కాటు కింద వెతకాలి, కడప కింద వెతకాలి. అప్పుడు ఆర్థర్ కాక్స్ 1881లో వేసిన ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్ బయటపడుతుంది. 1895లో హెరాల్డ్ స్టూవర్ట్ దాన్ని సవరించి వేసిన సంపుటాలు బయటపడతాయి. మదనపల్లె వైపు సంగతులకు 1875 నాటి గ్రిబుల్ కడప మాన్యువల్ ఉంది. ఊరి పేర్లు ఆనాటి తెల్లదొరలు ఇంగ్లీషు అక్షరాల్లో తమ చెవికి తోచినట్టు రాసుకున్నారు కాబట్టి, పుంగనూరు అన్న ఒక్క మాటనే మూడు నాలుగు రకాల స్పెల్లింగులతో వెతికి చూడమంటాడు ఆ మనిషి. పావుగంట పని. ఆ అమ్మాయి డిసర్టేషన్‌లో ఒక అధ్యాయం ఆ పావుగంటలోంచే పుడుతుంది. అంతకన్నా ముఖ్యం, ఏ విషయం వెతికినా ‘ఆ రోజుల్లో దీన్ని ఏ పేరుతో పిలిచేవారు?’ అని ముందు తనను తాను అడగడం నేర్చుకుంటుంది. ఆ అలవాటు జన్మంతా ఉంటుంది.

విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లు వేసే డ్యూయీ పద్ధతిలో సర్దిన గ్రంథాలయంలో ఇంకొక మంచి పాఠం చెప్పవచ్చు. తమిళ సాహిత్యం నంబరు 894.811. మలయాళం 894.812. కన్నడం 894.814. తెలుగు 894.827. ర్యాకు ముందు నిలబడి ఈ నాలుగు నంబర్లూ చూపిస్తే, మన భాషలు అక్కచెల్లెళ్లన్న సంగతి ఉపన్యాసం లేకుండానే బోధపడుతుంది. మూడు రాష్ట్రాలు కలిసేచోట, 1997లో ద్రావిడ భాషల కోసమే పెట్టిన విశ్వవిద్యాలయం మనకు కుప్పంలో ఉంది. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, బస్సులో కన్నడం వినే పిల్లలు అక్కడ చదువుతారు. వాళ్లకు ఈ పాఠం చెప్పడానికి అంతకన్నా తగిన చోటు నాకు తెలిసి ఇంకొకటి లేదు.

ఇప్పుడు పరిశోధక విద్యార్థుల దగ్గరికి వద్దాం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2018లో గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చింది. సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపు ఉంటే ఇబ్బంది లేదు. 10 నుంచి 40 శాతం దాకా ఉంటే ఆరు నెలల లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 మధ్య ఉంటే ఏడాది పాటు మళ్లీ సమర్పించే వీలు లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఆ పోలికను సాఫ్ట్‌వేర్‌తో చూసి రిపోర్టు ఇచ్చే పని ఎక్కువ చోట్ల గ్రంథాలయానిదే. రిపోర్టులో 38 శాతం అని చూడగానే పరిశోధకుడికి కాళ్లూ చేతులూ ఆడవు. నాలుగేళ్ల కష్టం, ఇంట్లో పెళ్లి మాటలు, ఆగిపోయిన ఫెలోషిప్, అన్నీ ఒక్కసారి గుర్తొస్తాయి.

ఆ కాగితం చేతిలో పెట్టి పంపేసేవాళ్లు ఉండవచ్చు. మంచి గురువు మాత్రం పక్కన కూర్చోబెట్టుకుంటాడు. చివర ఉన్న గ్రంథ సూచిక లెక్కలోకి రాకూడదు, అది తీసేసి చూద్దాం అంటాడు. పేరు చెప్పి కొటేషన్ గుర్తుల్లో పెట్టినవి లెక్కలోకి రావు, అవీ తీసేస్తాడు. మిగిలినవి ఒక్కో పేరా చూస్తూ, ఇది అందరూ వాడే శాస్త్ర పదజాలం, ఇది మాత్రం ఎవరో రాసిన వాక్యం, నువ్వు రెండు మాటలు మార్చి పెట్టుకున్నావు అని వేలు పెట్టి చూపిస్తాడు. ‘ఈ పేరా మూసేసి, నీకు అర్థమైంది నాకు చెప్పు. ఇప్పుడు అదే రాయి’ అంటాడు. సొంతంగా రాయడం అంటే ఏమిటో ఆ కుర్రవాడికి ఆ రోజు తెలుస్తుంది. అంతవరకూ ఎవరూ చెప్పలేదు. అది చెప్పినవాడు చాలాసార్లు హాజరు పట్టీలో ‘నాన్-టీచింగ్ స్టాఫ్’ కిందే ఉంటాడు.

పత్రికల విషయం ఇంకా కష్టం. డబ్బు కడితే ఏదైనా అచ్చు వేసే దొంగ పరిశోధన పత్రికలు వందలకొద్దీ పుట్టుకొచ్చాయి. ఒకప్పుడు ఏ పత్రిక మంచిదో చెప్పడానికి యూజీసీ కేర్ జాబితా ఉండేది. 2025 ఫిబ్రవరిలో ఆ జాబితా ఆపేశారు. ఇకమీదట మంచిచెడ్డలు విద్యాసంస్థలూ పరిశోధకులే చూసుకోవాలి. మదనపల్లె టమోటా మార్కెట్లో చేయి తిరిగిన వ్యాపారి పైన పేర్చిన కాయలు చూసి వేలం పాడడు, క్రేటు అడుగున చేయి పెట్టి చూస్తాడు. పత్రికను చూడడం కూడా అలా నేర్పాలి. సంపాదక వర్గంలో ఉన్నవాళ్లు నిజంగా ఉన్నారా? వ్యాసం పంపిన మూడో రోజే అంగీకార పత్రం ఎలా వచ్చింది? డబ్బు ఎంత అడుగుతున్నారు, ఎప్పుడు అడుగుతున్నారు? పిహెచ్‌డీ చేసేవాళ్లందరూ పరిశోధన, ప్రచురణ నైతికత మీద రెండు క్రెడిట్ల కోర్సు చదవాలని యూజీసీ 2019లో చెప్పింది. 30 గంటల కోర్సు. అందులో డేటాబేసులు, ఓపెన్ యాక్సెస్, ప్రచురణలో జరిగే మోసాలు అన్నీ ఉన్నాయి. గ్రంథాలయంలో రోజూ చేసే పనే అక్కడ సిలబస్ అయింది. కాబట్టి ఆ తరగతిలో బోర్డు దగ్గర నిలబడే హక్కు గ్రంథాలయం వాళ్లకు ఉంది.

గ్రంథాలయం వాళ్లు పాఠం చెప్పడం కొత్త సంగతి కూడా కాదు. 1887లో న్యూయార్క్ కొలంబియా కళాశాల లైబ్రేరియన్ మెల్విల్ డ్యూయీ గ్రంథాలయ విద్యకు మొదటి బడి తెరిచాడు. చేరిన 20 మందిలో 17 మంది ఆడవాళ్లు. ఆడవాళ్లను చేర్చుకున్నందుకు కళాశాల పెద్దలు తరగతి గది ఇవ్వలేదు. ఒక సామాను గది శుభ్రం చేయించి అక్కడ పాఠాలు మొదలుపెట్టాడు. 1915లో అమెరికా నుంచి వచ్చిన ఆసా డాన్ డికిన్సన్ లాహోర్‌లో పంజాబ్ యూనివర్సిటీ గ్రంథాలయం సర్దుతూనే అక్కడివాళ్లకు శిక్షణ ఇచ్చాడు. అప్పటికే మన తెలుగు దేశంలో గ్రంథాలయోద్యమం ఊపందుకుంది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన సభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య దాని వెన్నెముక. మన సీమవాడు, కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఆ ఉద్యమాన్ని ఏళ్ల తరబడి నడిపించాడు. గ్రంథాలయం నడిపేవాడికి శిక్షణ కావాలని వాళ్లు 1920లోనే తరగతులు పెట్టారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా మొదలుపెట్టింది. భారతదేశంలో ఒక విశ్వవిద్యాలయం ఇలాంటి డిప్లొమా ఇవ్వడం అదే మొదలు. ఈ గౌరవం తెలుగువాళ్లది, మనం దాన్ని తగినంత చెప్పుకోవడం లేదు.

వీళ్లందరిలో నాకు ఎక్కువ ఇష్టమైన మనిషి ఎస్.ఆర్. రంగనాథన్. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల మాస్టారు. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్‌గా వెళ్లాడు. కొద్ది రోజులకే ఆ ఖాళీ గదుల్లో విసుగు పుట్టి, మళ్లీ పాఠాలకే పంపించమని అడిగాడు. ముందు లండన్ పోయి ఆ విద్య నేర్చుకుని రమ్మన్నారు. పోయి వచ్చాక ఆయన గ్రంథాలయాన్నే తరగతిగా చేశాడు. 1929లో మద్రాసులో శిక్షణ బడి మొదలైంది. పుస్తకం చదవడానికే ఉంది, చదువరి సమయం వృథా కాకూడదు అనే సూత్రాలతో 1931లో ఆయన పుస్తకం వేశాడు. ఇవాళ ప్రపంచంలో గ్రంథాలయ శాస్త్రం చదివే దాదాపు ప్రతివాళ్లూ ఆ సూత్రాలు చదువుతారు. తన జీవితకాలపు పొదుపు లక్ష రూపాయలు మద్రాసు విశ్వవిద్యాలయానికే ఇచ్చేశాడు, గ్రంథాలయ శాస్త్రంలో ఒక ప్రొఫెసరు పదవి కోసం, భార్య శారద పేరు కూడా కలిపి. 1950లలో లక్ష రూపాయలంటే ఎంతో ఆ కాలపు పెద్దలను అడిగి తెలుసుకోండి. ఆయన పేరు మీదే ఆగస్టు 12న గ్రంథాలయాధికారుల దినోత్సవం జరుపుకుంటున్నాం.

అమెరికాలో మిరియం డడ్లీ అని ఒకావిడ. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్. 1970 ప్రాంతంలో మెక్సికో మూలాలున్న పేద కుటుంబాల పిల్లలు అక్కడ చేరుతున్నారు. చాలామంది వాళ్ల ఇళ్లలో మొదటి కాలేజీ విద్యార్థులు, మన పిల్లల్లాగే. గ్రంథాలయంలోకి అడుగు పెట్టడానికి జంకేవాళ్లు. డడ్లీ వాళ్ల కోసం ఒక అభ్యాస పుస్తకం తయారుచేసింది. పక్కవాడు చూస్తాడన్న భయం లేకుండా, ఎవరి వీలు ప్రకారం వాళ్లు ఒక్కో పేజీ పూర్తి చేస్తూ, కేటలాగ్ చూడడం, పుస్తకం తీయడం, వ్యాసం వెతకడం నేర్చుకోవచ్చు. ఆ పద్ధతి ఇతర విశ్వవిద్యాలయాలకూ పాకింది. గ్రంథాలయంలో బాగా బోధించేవాళ్లకు అక్కడి కళాశాల గ్రంథాలయాల సంఘం ఇచ్చే బహుమతికి ఆమె పేరే పెట్టారు. 2008 నుంచి అమెరికాలో లైబ్రేరియన్లకు ఇంకొక బహుమతి కూడా ఇస్తున్నారు. అందులో నాకు నచ్చింది ఒకటి. పేర్లు సూచించేది చదువరులు. ఫలానా లైబ్రేరియన్ వల్ల నా బతుకులో ఈ మార్పు వచ్చింది అని వాళ్లే రాసి పంపుతారు.

మన దగ్గర అలాంటివి ఏం చేయవచ్చు? సన్మానాలకు మనకు కొదవ లేదు. శాలువా, పూలదండ, మెమెంటో, ఫోటో. ఇవన్నీ చివరికి పదవీ విరమణ రోజునే జరుగుతాయి. అందులోనూ ‘ఇన్నేళ్లు సేవ చేశారు’ అంటారే తప్ప ఏం నేర్పారు, ఎవరికి నేర్పారు, ఎలా నేర్పారు అని ఒక్కరూ చెప్పరు. నేను కోరేది ఆ నేర్పిన సంగతి చెప్పడమే. గౌరవ పత్రంలో కనీసం ఐదు వాక్యాలు ఆ మనిషి నేర్పిన విద్య గురించే ఉండాలి.

ఎంపిక కూడా ఆలోచించి చేయాలి. ఆడిటోరియంలో మూడు వందల మందిని కూర్చోబెట్టి గంటసేపు తెర మీద బొమ్మలు చూపించడం సులువు, ఫోటో బాగా వస్తుంది, నివేదికలోకి ఎక్కుతుంది. రెఫరెన్స్ టేబుల్ దగ్గర ఒక్క విద్యార్థితో ముప్పావుగంట కూర్చోవడం ఎవరికీ కనపడదు. చదువు జరిగేది ఎక్కువగా ఆ టేబుల్ దగ్గరే. అందువల్ల తలలు లెక్కపెట్టి గొప్పతనం తేల్చకూడదు. నేర్చుకున్న పిల్లలను ఆరు నెలల తర్వాత పిలిచి, ఇప్పుడు సొంతంగా వెతుక్కోగలుగుతున్నారా అని అడగాలి. శిక్షణకు ముందు రాసిన గ్రంథ సూచికనూ తర్వాత రాసినదాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. తోటి ఉద్యోగి ఒకరు వెనక కూర్చుని పాఠం విని అభిప్రాయం రాయాలి. తెలుగు మీడియం పిల్లకు తెలుగులోనే అర్థమయ్యేలా చెప్పారా అన్నది మన ప్రాంతంలో తప్పకుండా చూడాల్సిన విషయం.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. యూజీసీ లెక్కల్లో లైబ్రేరియన్, డిప్యూటీ లైబ్రేరియన్, అసిస్టెంట్ లైబ్రేరియన్ అకడమిక్ వర్గంలోకి వస్తారు. వాళ్ల కింద పనిచేసేవాళ్లు రారు. కాంట్రాక్టు మీద, అవుట్‌సోర్సింగ్ మీద వచ్చేవాళ్ల పేరు ఏ జాబితాలోనూ ఉండదు. చాలాచోట్ల రోజంతా విద్యార్థులతో ఉండేది వాళ్లే. గౌరవం హోదా చూసి ఇస్తే అసలు గురువు బయటే నిలబడిపోతాడు. నేర్పినవాళ్లు ఏ గ్రేడులో ఉన్నా వాళ్లకే దక్కాలి. బహుమతితో పాటు పదోన్నతిలో ఒక మార్కో, వారానికి రెండు గంటలు పాఠాలు తయారుచేసుకునే వెసులుబాటో, హైదరాబాదులోనో గాంధీనగర్‌లోని గ్రంథాలయాల కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్‌లోనో శిక్షణకు పంపే ఖర్చో ఇవ్వాలి. శాలువా బీరువాలోకి పోతుంది. ఆ రెండు గంటలు మళ్లీ విద్యార్థులకే చేరతాయి.

2023 నుంచి జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలు ఉన్నత విద్యాసంస్థల అధ్యాపకులకూ ఇస్తున్నారు. మంచి పని. మన రాష్ట్రంలోనూ సెప్టెంబరు 5న విశ్వవిద్యాలయాల ఉత్తమ ఆచార్యులను సత్కరిస్తారు. ఆ రోజున ప్రతి విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో బోధించే ఒకరిని కూడా అదే వేదిక మీద, అదే వరుసలో కూర్చోబెట్టాలని విశ్వవిద్యాలయ పెద్దలకు నా మనవి. ద్రావిడ విశ్వవిద్యాలయం, ఎస్వీ విశ్వవిద్యాలయం ముందడుగు వేస్తే మిగతావాళ్లు అనుసరిస్తారు.

అంతవరకూ ఆగనక్కరలేదు. వింటున్న విద్యార్థులారా, చదువు ముగించి ఉద్యోగాల్లో స్థిరపడిన మిత్రులారా, మీకు వెతకడం నేర్పిన మనిషి ఒకరు ఏదో ఒక గ్రంథాలయంలో ఉండే ఉంటారు. ఒక్క పేజీ ఉత్తరం రాయండి. ఆ రోజు ఏం అడిగారు, ఆయన లేదా ఆమె ఏం చూపించారు, దానివల్ల మీ పనిలో ఏం తేడా వచ్చింది, ఇవి రాస్తే చాలు. ఒక ప్రతి వాళ్లకు పంపండి, ఇంకొకటి అక్కడి రిజిస్ట్రారుకు పంపండి, సర్వీసు రికార్డులో చేర్చమని అడగండి. ఆగస్టు 12 నాటికి అది వాళ్లకు అందేలా చూడండి.